నాన్న కొమ్ము రికార్డులు

మా ఇంటికి ఆ రికార్డు ప్లేయరు వచ్చేటప్పటికి నాకు పదిహేనేళ్ళు. డెబ్భైల చివరి సంవత్సరాలు. ఉత్తరాదిన, గోవింద్‌పూర్ అవతల ఒక చిన్న ఫౌండ్రీ వాళ్ళిచ్చిన రెండు గదుల క్వార్టర్లో ఉండేవాళ్ళం. ఇనుము కరిగించి ఇసుక అచ్చుల్లో పోసి లారీల భాగాలు చేసే చోటది. నాన్న అక్కడ క్రేన్ డ్రైవరు. షెడ్డు కప్పు కింద పట్టాల మీద అటూ ఇటూ నడిచే క్రేన్. దానికి వేలాడే ఇనప గదిలో కూర్చుని, కరిగిన ఇనుముతో నిండిన పెద్ద బానని భట్టీ దగ్గర్నుంచి అచ్చుల దాకా మోసుకెళ్ళడం ఆయన పని. ఆ గది పక్కనే భట్టీకి గాలి కొట్టే బ్లోయర్లు ఉండేవి. ఆ హోరులో ఇరవై రెండేళ్ళు కూర్చున్నాడు.

కింద నేలమీద నిలబడి నాన్నకి దారి చెప్పే మనిషి ఒకాయన ఉండేవాడు. శ్రీకాకుళం వైపు నాన్న వాళ్ళ పక్క ఊరాయన. నాన్నే తీసుకొచ్చి పనిలో పెట్టించాడు. నేను చిన్నాన్న అనేదాన్ని. ఆయన భార్యాపిల్లలు ఊళ్ళోనే ఉండేవారు కాబట్టి ఆదివారం భోజనం మా ఇంట్లోనే. పనిలో ఆయన చేతులు ఊపి చెప్పేవాడు: ఎత్తు, దించు, ముందుకి, వెనక్కి. పొగలో చేతులు కనబడనప్పుడు మెడలో వేలాడే విజిల్ ఊదేవాడు. పొడుగ్గా ఒక్కసారి ఊదితే ఆగమని అర్థం.

కొత్త భట్టీ బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీరు ఒకాయన గెస్ట్‌హౌస్‌లో రెండేళ్ళు ఉన్నాడు. సాయంకాలాలు ఆయన గదిలోంచి ఏదో ఊదుతున్న చప్పుడు వచ్చేది. నాన్న డ్యూటీ దిగి వస్తూ, సైకిల్ మీదే ఒక కాలు నేలకానించి, ఆ కిటికీ కింద ఆగేవాడట. ఈ సంగతి అప్పట్లో మాకెవరికీ చెప్పలేదు. ఆ ఇంజనీరు వెళ్ళిపోయే ముందు సామాన్లు అమ్ముతున్నాడని తెలిసి, అమ్మ నాన్నని టేబుల్ ఫ్యాను కోసం పంపించింది. నాన్న సూట్‌కేసు లాంటి రికార్డు ప్లేయరూ, ఒక అట్టపెట్టే సైకిల్‌కి కట్టుకుని వచ్చాడు.

"ఫ్యానేది?" అంది అమ్మ.

"ఎవుడో ముందే ఎత్తుకుపోనాడు" అన్నాడు నాన్న, అమ్మ వైపు చూడకుండా.

అట్టపెట్టెలో ఏడు రికార్డులున్నాయి. ఎవరూ కొనకపోతే ఆ దొర ఊరికే ఇచ్చేశాడట. అన్నీ ఒక్క వాయిద్యానివే. ఫ్రెంచ్ హార్న్ అని అట్టల మీద చదివి నేనే చెప్పాను. హార్న్ అంటే మాకు లారీ హారనే తెలుసు. ఒక అట్ట మీద నల్లకోటు మనిషి, చుట్టలు చుట్టుకున్న ఇత్తడి గొట్టం నోటికి పెట్టుకుని, దాని వెడల్పాటి మూతిలోకి కుడిచెయ్యి దూర్చి కూర్చున్నాడు.

"ఓలమ్మ, ఇదేటి, ఇత్తడి జిలేబీనా?" అంది అమ్మ. "సెయ్యి లోపలెట్టేసేడు, ఇరుక్కుపోనాదేటి?"

ఇరుక్కోలేదనీ, చెయ్యి అలా మూసీ తెరిచీ గొంతు మారుస్తారనీ దొర సైగలతో చెప్పాడట. నాన్న మా ఇత్తడి చెంబులో పిడికిలి పెట్టి చూపించాడు. "మనూళ్ళో అమ్మోరి సంబరానికి కొమ్ము ఊదుతారు సూడు, దానికి పెద్దన్న ఇది" అన్నాడు. ఆ రోజునుంచి మా ఇంట్లో అవి కొమ్ము రికార్డులు.

మొదటిసారి పెట్టినప్పుడు నాకేమీ నచ్చలేదు. "గానా కహాఁ హై?" అని అడిగాను. వీధిలో, బడిలో అలవాటై నాన్నకి కూడా హిందీలోనే జవాబు చెప్పే రోజులవి.

"పాటెందుకే? గొంతు ఇను" అన్నాడు.

ఆదివారం పొద్దున్న తొమ్మిదికి మొదలయ్యేది. నాన్న కుర్చీ వేసుకుని, స్పీకరున్న మూత మీద అరచెయ్యి ఆనించి కూర్చునేవాడు. చిన్నాన్న గుమ్మం దగ్గర గోడకానుకుని టీ తాగేవాడు. "అన్నా, దున్న తప్పిపోయి పిలుస్తన్నట్టుంది" అనేవాడు మొదట్లో. తర్వాత ఆయనకీ కొన్ని అలవాటయ్యాయి. పియానో పక్కన మెల్లగా వాయించినది ఒకటి. వెనక ఎవరూ లేకుండా కొమ్ము ఒక్కటే మాట్లాడేది ఒకటి. మీటలు లేని పాతకాలపు కొమ్ముతో, పెదవులూ చేతులతోనే వాయించినది ఇంకొకటి. అందులో కొన్ని స్వరాలు ముక్కు మూసుకుని మాట్లాడినట్టు వచ్చేవి. ఒకటి మటుకు కచేరీలో జనం ముందు వాయించగా పట్టిన రికార్డు. ఎవరో దగ్గడం వినబడుతుంది. చివరి భాగంలో, బాగా పైకి ఎక్కేచోట, వాయించే ఆయనకి ఒక స్వరం పగిలిపోతుంది.

"ఇక్కడ కాలు జారుతాడు సూడు" అని నాన్న ముందే చెప్పేవాడు. స్వరం పగిలేది. "జారేడా? మల్లీ పట్టుకున్నాడు. అంతమంది ముందల జారితే దిగిపోవాలనిపిస్తాది. దిగలేదు." తనలాగే ఎత్తున పనిచేసే మనిషి గురించి చెప్తున్నట్టు చెప్పేవాడు.

రెండేళ్ళు అలా గడిచాయి. సాక్చి బజారులో సినిమా పాటల రికార్డులు దొరికేవి. అమ్మ అడగ్గా అడగ్గా నాన్న ఒకటి తెచ్చాడు. అది పెట్టినప్పుడు నాన్న అరనిమిషం విని లేచి బయటికి వెళ్ళిపోయాడు. "పాడుతున్న మనిషి నోట్లో గుడ్డెట్టుకున్నట్టుంది" అన్నాడు. మాకలా అనిపించలేదు. ఆ ఆడగొంతు అద్దంలా ఉంది. నాన్నకి సినిమా పాటలు పడవనుకున్నాం. కొమ్ము మటుకు ఎప్పుడు పెట్టినా ఆ ముఖం విప్పారేది.

నాకు పదిహేడేళ్ళప్పుడు ఒక ఆదివారం, చిన్నాన్న ఉండగానే, నాన్న ఒక రికార్డు తీసి వెలుగులో తిప్పి చూశాడు.

"ఇది పాడైపోనాది గావాల" అన్నాడు. "మద్దిలో ఖాళీలొత్తన్నాయి."

"ఎక్కడన్నా?" అన్నాడు చిన్నాన్న.

నాన్న మళ్ళీ పెట్టాడు. కొమ్ము ఒక మాట అంటుంది, ఆగుతుంది. "ఇదిగో, ఇక్కడ. సూడు, ఏటీ లేదు. మల్లీ ఇప్పుడు మొదలైంది."

నేను వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్నాను. అక్కడ ఖాళీ లేదు. కొమ్ము ఆగిన ప్రతిచోటా ఒక వయొలిన్ జవాబు చెబుతోంది, చాలా పైస్థాయిలో, దారమంత సన్నగా. రెండోసారి కూడా చెప్పింది. మూడోసారీ చెప్పింది. చిన్నాన్న టీగ్లాసు నేలమీద పెట్టి, నా వైపు ఒకసారి చూసి, నాన్నతో గట్టిగా అన్నాడు: "అవునన్నా, గీత పడింది గావాల."

ఆయన ఎందుకలా అన్నాడో నాకు తెలియలేదు. కానీ ఆ రోజునుంచి ఒక్కొక్కటీ కనబడసాగింది. కుక్కర్ కూత పెడితే నాన్న తలెత్తడు. పాలవాడు గుమ్మంలో సైకిల్ బెల్లు కొడుతూనే ఉంటాడు, నాన్న పక్కనే కూర్చుని గడ్డం గీసుకుంటూ ఉంటాడు. అమ్మ ఏదైనా చెప్పే ముందు ఆయన భుజం తాకుతుంది. ఎప్పటినుంచి అలా తాకుతోందో గుర్తుచేసుకుందామంటే గుర్తు రాలేదు.

మా బడిలో ఖో-ఖో జట్టుకి నేను నాయకురాలిని. ప్రాక్టీసు కోసం నాకొక విజిల్ ఇచ్చారు. మార్చి నెలలో ఒక సాయంకాలం నాన్న పెరట్లో సైకిల్ తిరగేసి చైనుకి నూనె పెడుతున్నాడు. నేను ఆయన వెనక పదడుగుల దూరంలో నిలబడ్డాను. విజిల్ నోట్లో పెట్టుకున్నాను. ఊదాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ఊదకపోతే ఏదీ నిజం కాదనిపించింది.

ఊదాను. పొడుగ్గా, ఊపిరంతా పెట్టి.

గోడ కింద పడుకున్న కుక్క దిగ్గున లేచి మొరిగింది. రెండిళ్ళ అవతల ఎవరో తలుపు తీశారు. నాన్న పెడల్ తిప్పుతున్నాడు. చైను మీద ఒక్కొక్క చుక్కా వేస్తున్నాడు. కుక్క ఆపకుండా మొరిగేసరికి ఆ మొరుగుడు వినబడి దానివైపు తిరిగి, "దీనికేటి రోగం?" అన్నాడు. అప్పుడు నన్ను చూశాడు. విజిల్ నా చేతిలోనే ఉంది. ఆయన కళ్ళు దానిమీదికి వెళ్ళాయి. సైకిల్ నిలబెట్టి, చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

నేను అక్కడే నిలబడిపోయాను. నా కళ్ళముందు మెదిలింది నాన్న కాదు. మెడలో విజిల్ వేలాడేసుకుని, మండే ఇనుము నిండిన బాన కింద నిలబడిన చిన్నాన్న.

వంటింట్లో అమ్మకి చెప్పాను. సగం చెప్పేసరికే అమ్మ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు తెల్దేటి?" అంది. "పక్కలో పడుకున్నదాన్ని, నాకు తెల్దేటి?"

"మరి చిన్నాన్నకి చెప్పాలిగా?"

"సెప్తే? ఆయన ఆఫీసోలకి సెప్తాడు. ఆఫీసోలు పరీచ్చ సేయిస్తారు. మీ నాన్నని దింపేస్తారు. దింపితే ఈ కోర్టరు మనదేనా? ఇరవై రెండేళ్ళు నిప్పుల మీద కూకున్న మనిషిని గేటు బయట నిలబెడతారే. ఒక్క మాట బయటికి వచ్చిందంటే సూడు."

మర్నాడు నాన్నే నాతో మాట్లాడాడు. ఎప్పుడూ లేనిది, బడిదాకా సైకిల్ మీద దింపుతానన్నాడు. వెనక కూర్చున్న నాకు ఆయన ముఖం కనబడదు. "నాను సేతులు సూసి నడుపుతాను" అన్నాడు దారిలో. "మీ చిన్నాన్న సెయ్యి ఎటెల్తే బాన అటెల్తాది. ఇనక్కర్లేదు. ఇన్నాళ్ళూ ఏటైనా అయ్యిందా?"

"పొగ వస్తే?" అన్నాను. రోడ్డు మీద లారీల హోరులో ఆయనకి అది వినబడిందో లేదో తెలియదు.

అప్పటినుంచి నాకు వారంలో రెండు రోజులు మిగతా రోజుల్లా ఉండేవి కావు. మంగళవారం, శుక్రవారం ఢలాయి. అంటే అచ్చుల్లో ఇనుము పోసే రోజులు. ఆ రోజుల్లో బడి కిటికీలోంచి ఫౌండ్రీ కప్పు మీది పొగ కనబడేది. అది తెల్లగా ఉంటే తగ్గినట్టు, పచ్చగా దట్టంగా లేస్తే పోస్తున్నట్టు. నేను పాఠం వినకుండా దానివైపే చూసేదాన్ని. ఫౌండ్రీ కూత షిఫ్టు మారేటప్పుడు, రోజుకి మూడుసార్లే కూయాలి. మధ్యలో కూస్తే ప్రమాదమని అందరికీ తెలుసు. దూరాన రైలు కూసినా నేను బెంచీలోంచి లేచిపోయేదాన్ని.

ఆదివారాలు చిన్నాన్న వచ్చేవాడు. అదే గుమ్మం, అదే టీ. ఒకసారి నాన్న స్నానానికి వెళ్ళినప్పుడు మేమిద్దరమే మిగిలాం. కొమ్ము ఒంటరిగా వాయించే రికార్డు తిరుగుతోంది. అది ఆగుతూ, మళ్ళీ మొదలవుతూ, ఎవరికోసమో అడవిలో వెతుకుతున్నట్టు ఉంటుంది. "చిన్నాన్నా" అన్నాను. "ఏటమ్మా" అన్నాడు. అమ్మ వంటింట్లో గరిటె కింద పెట్టిన చప్పుడు వినబడింది. "ఇంకొంచెం టీ పోయనా?" అన్నాను. "పొయ్యి" అన్నాడు. నాలుగు నెలల్లో నేను నోరు తెరవడమంటూ జరిగింది ఆ ఒక్కసారే.

జూలై వచ్చింది. వానలు. వానాకాలం ఫౌండ్రీ వాళ్ళకి మంచిది కాదు. ఇసుకలో తడి చేరుతుంది. తడి అచ్చులో కరిగిన ఇనుము పడితే ఆవిరి లేస్తుంది, మామూలు పొగకి రెండింతలవుతుంది. ఆ వారమంతా ఎడతెరిపి లేదు. శుక్రవారం పొద్దున్న నాన్న బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, "ఇసక తడిసిపోనాది, ఈయేల పొయ్యకపోతే బాగుణ్ణు" అన్నాడు. ఆ రోజు నాకు జ్వరంగా ఉండి బడికి వెళ్ళలేదు.

పదకొండు గంటలు దాటాక కూత కూసింది.

అమ్మ బియ్యం కడుగుతోంది. చేతులు నీళ్ళలోనే ఉండిపోయాయి. కూత ఆగలేదు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ చూపుని నేను మర్చిపోలేను. ఇద్దరికీ ఒకటే తెలుసు, ఇద్దరం దాన్ని దాచాం. చెప్పులు కూడా లేకుండా వానలో గేటు దాకా పరిగెత్తాం. అప్పటికే కాలనీ ఆడవాళ్ళందరూ అక్కడున్నారు. గేటు మూసి ఉంది. లోపల షెడ్డు తలుపుల్లోంచి పచ్చటి పొగ నేలబారుగా వస్తోంది.

నలుగురు ఒక మనిషిని తడికె మీద మోసుకుని పరిగెత్తుకుంటూ వచ్చారు. దాని మీంచి ఒక చెయ్యి వేలాడుతోంది. వాళ్ళ వెనకాల నాన్న. ఒంటిమీద గాయం లేదు. అమ్మ గేటు ఊచ పట్టుకుని అక్కడే కూలబడింది. నేను "నాన్నా! నాన్నా!" అని అరిచాను. గొంతు చీరుకుపోయేలా అరిచాను. గేటు ముందున్న వాళ్ళంతా తిరిగి నన్ను చూశారు. నాన్న తిరగలేదు. జీపు ఎక్కిస్తున్న ఆ మనిషి వైపే చూస్తూ వానలో నిలబడ్డాడు.

ఆ మనిషి చిన్నాన్న.

జరిగింది ఇది. ఇద్దరు పనివాళ్ళు ఇంకా అచ్చులు దించే గోతిలోనే ఉండి అచ్చు పెట్టెకి బోల్టు బిగిస్తున్నారు. అంతకుముందు పోసిన అచ్చులోంచి ఆవిరి లేచి షెడ్డంతా కమ్మేసింది. బాన వాళ్ళ మీదికి వస్తోంది. చిన్నాన్న ఆ పొగలో దానికి అడ్డం పరిగెత్తి, ఆ ఇద్దర్నీ నెట్టేశాడు. బాన అంచు పెట్టెకి తగిలి ఒలికింది. ఆయన ఎడమ పాదం మీద పడింది.

ప్రాణం దక్కింది. పాదం సగం పోయింది.

నాలుగో రోజు విచారణ జరిగింది. దానిగురించి నాన్న చెప్పగా విన్నదే నాకు తెలుసు. బల్ల అవతల ముగ్గురు ఆఫీసర్లు కూర్చున్నారు. పెద్దాయన గట్టిగానే అడిగాడట: "విజిల్ సునా థా?"

"నహీఁ సాబ్. నహీఁ సునా" అన్నాడు నాన్న. వినలేదన్నది నిజం.

గోతిలో ఉన్న ఇద్దరిలో ఒకడు తాను విన్నట్టుందన్నాడు. రెండోవాడు తెలీదన్నాడు. ఆస్పత్రిలో చిన్నాన్న ఇచ్చిన వాంగ్మూలం అప్పుడు చదివారు. పొగలో గాభరాపడి విజిల్ ఊదడం మర్చిపోయాననీ, తప్పు తనదేననీ అందులో ఉంది. కింద వేలిముద్ర. నాన్న మాటా చిన్నాన్న మాటా కలిశాయి కాబట్టి విచారణ అక్కడితో అయిపోయింది. ఆస్పత్రి నుంచి వచ్చాక చిన్నాన్నని పనిలోంచి తీసేస్తారని చెప్పుకున్నారు. నాన్న మర్నాడు మళ్ళీ క్రేన్ ఎక్కాడు.

అమ్మ రోజూ ఆస్పత్రికి క్యారేజీ పంపేది. నేనే తీసుకెళ్ళేదాన్ని. ఐదో రోజో ఆరో రోజో, చిన్నాన్న అన్నం తినడం అయ్యాక, పళ్ళెం కడిగి వచ్చి మంచం పక్కన నిలబడ్డాను. ఎడమ పాదం దగ్గర దుప్పటికి ఉండాల్సినంత ఎత్తు లేదు. అటు చూడకుండా అన్నాను.

"చిన్నాన్నా, నాన్నకి విజిల్ వినబడదు. నాకు తెలుసు. నాలుగు నెలల్నుంచి తెలుసు. నీకు చెప్పలేదు."

ఆయన దుప్పటి పాదం మీదికి లాక్కున్నాడు.

"నాకు రెండేళ్ళ నుంచి తెలుసమ్మా" అన్నాడు.

కడిగిన పళ్ళెం చేతిలోంచి మంచం మీద పెట్టాను.

"కింద నిలబడ్డోడికి తెల్దేటి? ఓ రోజు ఊదేను, ఆగలేదు. సెయ్యి ఊపేను, ఆగేడు. అప్పుడే తెలిసింది. అప్పట్నుంచి బాన ముందల నడిసేవోణ్ణి, ఎప్పుడూ సెయ్యి కనబడేలాగ. అన్న నాకు అన్నం పెట్టించినోడు. ఎలగ సెప్తాను?"

"మరి ఊదలేదని ఎందుకు చెప్పావు? ఊదావు కదా?"

"ఊదేను. గట్టిగా ఊదేను. పొగ కమ్మేసింది, సెయ్యి కనబడదు. ఇనబడదని తెలిసీ ఊదేను. ఇనబడని విజిల్ ఊదితే ఊదినట్టా?" ఆయన కళ్ళు మూసుకున్నాడు. "తెలిసీ రెండేళ్ళు ఊరుకున్నానమ్మా. ఆ గోతిలో ఇద్దరున్నారు. తప్పు నాదే గదా."

ఆ ఆదివారం నాన్న రికార్డు పెట్టాడు. గుమ్మం దగ్గర ఎవరూ లేరు. ఖాళీలున్నాయని పక్కన పెట్టేసిన ఆ రికార్డే పెట్టాడు. ఎందుకు పెట్టాడో నాకు తెలీదు. కొమ్ము ఒక మాట అని ఆగింది. నేను వెళ్ళి ఆయనకి ఎదురుగా కింద కూర్చుని, నా పెదాలు కనబడేలా, మెల్లగా, తెలుగులో చెప్పాను.

"నాన్నా, ఇప్పుడు ఇక్కడ వయొలిన్ ఉంది. ఇప్పుడూ ఉంది. ఇంకా వాయిస్తోంది. రికార్డు పాడవలేదు. చిన్నాన్న ఆ రోజు విజిల్ ఊదాడు."

వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడింది. నన్ను ఆపలేదు. నేను ఆస్పత్రిలో విన్నదంతా చెప్పాను. రెండేళ్ళ సంగతి చెప్పినప్పుడు నాన్న మూత మీద నుంచి చెయ్యి తీసేశాడు. రికార్డు అయిపోయి ముల్లు లోపలి గీతలో కరకరలాడుతూ తిరుగుతూ ఉంది. ఎవరం తీయలేదు.

"ఊదేడా" అన్నాడు చివరికి. అది ప్రశ్న కాదు.

సోమవారం నాన్న క్రేన్ ఎక్కలేదు. మేనేజరు గది ముందు కూర్చుని, పిలిచాక లోపలికి వెళ్ళి, తనకి వినబడదని చెప్పాడు. పరీక్షకి పంపారు. నేను వెంట వెళ్ళాను. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చప్పుడు వినబడితే వేలెత్తమన్నారు. డాక్టరు ఒక మీట తిప్పుతూ వెళ్ళాడు. కింది స్థాయిల్లో నాన్న వేలు వెంటవెంటనే లేచింది. కొంచెం పైకి వెళ్ళాక ఆలస్యంగా లేచింది. ఆ తర్వాత లేవలేదు. డాక్టరు మీట తిప్పుతూనే ఉన్నాడు, కాగితం మీద చుక్కలు పెడుతూనే ఉన్నాడు. నాన్న వేలు మోకాలి మీద అలాగే ఉంది. లేపమంటారేమోనని డాక్టరు ముఖం చూస్తూ, బడిలో పాఠం రాని పిల్లాడిలా కూర్చున్నాడు.

"పైనుంచి పోతుంది" అన్నాడు డాక్టరు నాతో, హిందీలో. "విజిళ్ళు, పక్షులు, ఆడవాళ్ళ గొంతులు. తర్వాత కిందికి దిగుతుంది. ఆపే మందు లేదు."

కొమ్ము ఎందుకంత ఇష్టమో నాకు అక్కడ తెలిసింది. దాని గొంతు ఎక్కువగా ఆ మీట కింది భాగంలోనే ఉంటుంది. ఆయనకి ఇంకా నిండుగా వినబడే సంగీతం అదొక్కటే.

నాన్నని క్రేన్ నుంచి దింపి, అచ్చులు చేసే చెక్క నమూనాల గోడౌనులో వేశారు. క్వార్టరు తీసేయలేదు. అమ్మ భయపడినంత కాలేదు. కానీ అందుకు ఆఫీసుని మెచ్చుకోలేను, గేటు బయట ఎవరు నిలబడతారన్నది ఆ మేనేజరుకి ఆ రోజెలా తోచిందో దాన్నిబట్టే తేలింది. చిన్నాన్నని కూడా తీసేయలేదు, గేటు దగ్గర కూర్చోబెట్టారు. క్రేన్ ఎక్కేవాళ్ళందరికీ చెవుల పరీక్ష పెట్టారు. ఇంకో ఇద్దరు దిగారు. వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు అమ్మతో మాట్లాడడం మానేశారు.

చిన్నాన్న నాన్న మీద కోపగించాడు. "నాను ఒప్పేసుకున్నాక నిన్నెవుడు సెప్పమన్నాడు?" అని గేటు దగ్గర అందరిముందూ అరిచాడట. తన పాదం ఊరికే పోయినట్టయిందని ఆయన బాధ. ఏడాదిన్నర మా గుమ్మం ఎక్కలేదు. తర్వాత ఒక ఆదివారం, కూతురి పెళ్ళి కుదిరిందని ఊరినుంచి ఉత్తరం వస్తే, చదివించుకోవడానికి కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. నేను చదివాను. ఆ కబురు నాన్న చెవిలో ఆయనే అరిచి చెప్పాడు. టీ తాగి వెళ్ళాడు. ఆ తర్వాత అప్పుడప్పుడూ వచ్చేవాడు, ప్రతివారం కాదు.

డాక్టరు చెప్పినట్టే అయింది. ఎనభైల నడుమ, నేను సాక్చిలో ఒక బడిలో పంతులమ్మగా చేరాక, ఆదివారాలు రికార్డు పెట్టడం నా పనయింది. ముల్లు ఏ స్వరం మీద ఉండగా నాన్న ముఖం మారుతుందా అని చూసేదాన్ని. మొదట కచేరీ రికార్డులో ఆ పగిలే స్వరం పోయింది. ఆయన ముందే "జారుతాడు సూడు" అనేవాడు, అని ఎదురుచూసేవాడు, అది దాటిపోయాక కూడా ఎదురుచూసేవాడు. తర్వాత పైస్వరాలు ఒక్కొక్కటీ. ప్రతివారం ప్లేయరు చప్పుడు పెంచే గుండ్రటి మీట ఇంకొంచెం తిప్పేదాన్ని.

ఒక ఆదివారం ఆ మీట చివరిదాకా తిప్పాను. కొమ్ము ఒంటరిగా వాయించే రికార్డు. గోడలు అదిరాయి. నాన్న అరచెయ్యి మూత మీద పెట్టి, తల పక్కకి వాల్చి, నన్ను అడిగాడు:

"పెట్టేవేటి?"

పెట్టానన్నట్టు తలూపాను. ఆయన కూడా తలూపి అలాగే కూర్చున్నాడు, అరచేతితో వింటూ. బయట పక్క క్వార్టరు వాళ్ళు గోడ మీంచి "ఏటది, సెవులు పగిలిపోతన్నాయి, ఆపండి" అని కేకలేశారు. నేను మీట వైపు చెయ్యి చాపాను. అమ్మ నా చెయ్యి పక్కకి నెట్టి, కొంగు బిగించి పెరట్లోకి వెళ్ళి, కాలనీ అంతా వినబడేలా అంది:

"మా ఇంటాయనకి ఇనబడదు. కాసేపు ఓర్సుకోండి."